మూడు చుట్ల రాగి తీగ

ఆదివారం సాయంత్రం ఆరున్నరకి నేను వెర్రిబీలోని ద్వారకానాథ్ గారి గరాజ్‌లో అడుగుపెట్టేసరికి ఉంగరం లేదు.

టబ్బు ఉంది. అందులో సగానికి పైగా తుప్పు రంగు నీళ్ళున్నాయి. ఒక అంచున పాత ఇనుప దోసెల పెనం నీళ్ళలో మునిగి నిలబడి ఉంది. ఎదుటి అంచు నుంచి ప్లాస్టిక్ తొడుగున్న కరెంటు తీగ ఒకటి లోపలికి దిగి ఉంది. దాని కొనకి వేలాడాల్సిన ఉంగరం మాత్రం లేదు. పక్కన బల్ల మీద కారు బ్యాటరీ ఛార్జర్, దాని ముల్లు సున్నా మీద ఉంది.

"మీరొచ్చేదాకా ఆగమన్నా ఆగలేదండీ, కరిగిపోయింది," అన్నాడు సుబ్బరాజు, గరాజ్‌లో ఉన్న కారుకి చేరబడి. "పాపం సిడ్నీ దాకా వెళ్ళొచ్చారు. టీ ఏమన్నా తాగుతారా?"

నన్ను సిడ్నీకి పంపించింది ఆ మహానుభావుడే. సుబ్బరాజు నాలాగే లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్, ఒకప్పుడు భీమవరంలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు. తెలివైనవాడే, కాకపోతే ఆ తెలివి ఫీజు ఇచ్చినవాళ్ళ వెనకే నడుస్తుంది. అచ్యుత్ అనే మనిషి సిడ్నీలోని గిరావీన్‌లో కాపురముంటున్నాడని శుక్రవారం రిపోర్టు రాసిచ్చాడు. ఈ పొద్దున్నే ఫ్లైటెక్కి వెళ్ళి చూశాను. అచ్యుత్ అనే మనిషి ఉన్నమాట నిజమే. రాజమండ్రి వాడు, బట్టతల, ఇద్దరు పిల్లలు. నా అవస్థ చూసి జాలిపడి ఉప్మా పెట్టి పంపించాడు.

నేను వెతుకుతున్న అచ్యుత్‌కి ముప్ఫై ఏళ్ళు, తలనిండా జుట్టు. పోయిన ఆగస్టు పద్నాలుగున ఆఫీసుకని బయల్దేరినవాడు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకం వణుకుతున్న రోజులవి. కోబాల్ ప్రోగ్రామింగ్ వచ్చిన ప్రతివాడికీ గిరాకీయే. అతన్ని ఈ దేశానికి తెచ్చిన కన్సల్టెన్సీ యజమాని చలపతి, "ఎక్కువ జీతం చూసుకుని పారిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ముక్క నిజమని చూపించడానికే సుబ్బరాజుని పెట్టుకున్నాడు. ఇక్కడేం తేలుతుందో చూసి రమ్మని ఇవాళ పంపిందీ అతనే. జనవరి ఒకటి వచ్చి వెళ్ళిపోయింది, కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఇప్పుడు ఫిబ్రవరి చివర. అచ్యుత్ మాత్రం రాలేదు.

నా క్లయింటు అతని భార్య శ్రీదేవి. గరాజ్ గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తోంది. భర్త వీసా మీద వచ్చిన అమ్మాయి. ఆ వీసా వచ్చే శుక్రవారంతో సరి. "సచ్చిండో బతికిండో తెల్వకుంట నేను విమానం ఎట్ల ఎక్కాలె ఆంటీ?" అని నన్ను అడిగి వారమైంది. నన్ను ఆంటీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లని మాత్రం ఏమీ అనలేకపోయాను. పోలీసులు ఒక్కటే అన్నారు: అతనిదని చెప్పగల వస్తువు ఒక్కటి చూపించండి, అప్పుడు వెతుకుతాం.

ఆ ఒక్క వస్తువు ఈ మధ్యాహ్నం పన్నెండు నలభైకి దొరికింది. నేను గిరావీన్‌లో ఉప్మా తింటుండగా ద్వారకానాథ్ గారు ఫోన్ చేశారు.

ద్వారకానాథ్ గారు గుంతకల్లు లోకో షెడ్డులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరై కూతురి దగ్గరికొచ్చారు. సెలవు రోజుల్లో మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని నేలలో పాత నాణేలూ గుండీలూ వెతుకుతుంటారు. తుప్పు పట్టినవైతే చాకలి సోడా కలిపిన నీళ్ళలో ముంచి, కరెంటు పెట్టి తుప్పు వదలగొడతారు. శనివారం తవ్విన తుప్పు ముద్ద ఒకటి ఈ మధ్యాహ్నానికి ఉంగరమై తేలింది. ఈ దేశపు వాళ్ళెవరైనా అయితే పైపు వాషరనుకుని పారేసేవాళ్ళు. ఏలినాటి శనికి మనవాళ్ళు పెట్టుకునే గుర్రపు నాడా ఉంగరమని ఆయనకి తెలుసు. అచ్యుత్ మధ్యవేలికి అలాంటిదే ఉండేదని కిరాణా షాపులో నేను అంటించిన కాగితం కూడా ఆయన చదివి ఉన్నారు.

"ఎక్కడ దొరికింది అంకుల్?" అని ఫోన్‌లో అడిగితే, "వాగు గట్టునమ్మా" అన్నారు. అలా అనే ముందు రెండు క్షణాలు ఆగారు. ఆ ఆగడం నాకు విమానంలో అంతసేపూ గుర్తుంది.

ఇప్పుడాయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, తల పట్టుకుని ఉన్నారు.

"నేనే చేసినానమ్మా ఈ పాపం," అన్నారు. "ఎర్ర క్లిప్పు పెనానికి, నల్లది ఉంగరానికి ఉండల్ల. ఆరింటికి లేచొచ్చి చూస్తే రెండూ తిరగబడి ఉండాయి. పోయిన నెల స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయినా. చేతులు వణుకుతాండాయి. ఈ సామానంతా అమ్మేయమని మా అమ్మాయి పోరుతానే ఉంది. అమ్మేసుంటే బాగుండు."

"విన్నారుగా," అన్నాడు సుబ్బరాజు. "క్లిప్పులు సరిగ్గా ఉంటే తుప్పు పోద్ది. తిరగబడితే ఇనుమే పోద్ది. పెద్దాయన తన నోటితో ఒప్పుకుంటున్నారు. ఇంక కేసేముందండీ?"

"చాలా ఉంది. ఆ టీ ఏదో మీరే తాగండి," అన్నాను.

హైదరాబాదు ఫోరెన్సిక్ లాబొరేటరీలో పద్నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే: మనుషులు తమ తప్పు ఒప్పుకుంటున్నారు కదా అని నమ్మేయకూడదు. మంచివాళ్ళు చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుంటారు.

ఛార్జర్ పక్కన ఆయన నోటుబుక్ ఉంది. రైల్వే దస్తూరీ, గంటగంటకీ రాసిన లెక్క. తొమ్మిదిన్నరకి రెండు ఆంపియర్లు. పదిన్నర, పదకొండున్నర, పన్నెండున్నర, అన్నిటికీ రెండే. ఒకటిన్నర దగ్గర: 'రెండు ఆంపియర్లు. ఉంగరం తీసి తూచినా, ఆరు గ్రాములు. లోపలి తుప్పు ఇంకా పోలే. మళ్ళా పెట్టినా.' ఆ తర్వాత ఏమీ లేదు. చివర ఆరింటికి, వంకర అక్షరాల్లో, సున్నా.

"సుబ్బరాజు గారూ, పొద్దున్నుంచే క్లిప్పులు తప్పుగా ఉంటే ఒకటిన్నరకి ఆరు గ్రాముల ఉంగరం ఎక్కడినుంచి వచ్చింది?"

"పొద్దుట కాదండీ. తూచి మళ్ళీ పెట్టినప్పుడు తిప్పేశారు. సింపుల్."

"అంకుల్, తూచినప్పుడు క్లిప్పులు ఊడదీశారా?"

ఆయన తలెత్తారు. "లేదు. తీగ కొస నుంచి ఉంగరం మాత్రమే జార్చి తీసినా. క్లిప్పులు ముట్టుకోలే." మళ్ళీ తల దించేశారు. "ముట్టుకోలేదనే అనుకుంటాండా."

తన మీద తనకి నమ్మకం పోయిన మనిషిని చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. మా నాన్న చివరి రోజులు అలాగే గడిచాయి.

గ్లవ్స్ తొడుక్కుని పెనం బయటికి తీశాను. ఉంగరం వైపు ముఖమంతా నల్లటి పొర. గోరుతో గీకాను. నలుపు కింద ఎర్ర తుప్పు మందంగా ఉంది. ఎర్ర క్లిప్పుకి ఉన్నంతసేపూ పెనం తుప్పు పడుతుంది. నల్ల క్లిప్పుకి మారితే ఆ తుప్పే పైనుంచి నల్లబడుతుంది. ఈ పెనం ముందు సరిగ్గానే ఉంది, తర్వాత తిరగబడింది. ఇక్కడిదాకా సుబ్బరాజు వాదన నిలబడుతుంది.

తర్వాత టబ్బు మీదికి వంగి వాసన చూశాను. గొంతు మండింది. "ఈ వాసనేంటి సుబ్బరాజు గారూ?"

అతనూ వంగాడు. ముక్కు ముడిచాడు. "బ్లీచింగ్ పౌడర్‌లా ఉంది."

"చాకలి సోడా నీళ్ళలో ఈ వాసన రాదు. ఉప్పుంటేనే వస్తుంది. పైగా ఉత్త సోడా నీళ్ళలో క్లిప్పులు తిరగబడ్డా ఇనుము ఇంత తొందరగా పోదు, మొండికేస్తుంది. ఉప్పు పడితే గంటకి రెండు గ్రాముల లెక్కన తినేస్తుంది. ఆరు గ్రాములకి మూడు గంటలు." గరాజ్ గోడ షెల్ఫు చూపించాను. కూతురు కిందటి వారం పెట్టిన ఆవకాయ జాడీ, దాని పక్కన మిగిలిన కల్లుప్పు డబ్బా. డబ్బాకి మూత లేదు. మూత కింద నేల మీద పడి ఉంది, దాని చుట్టూ నాలుగు ఉప్పు రాళ్ళు. "చెయ్యి వణికితే క్లిప్పు మారుతుందేమో. షెల్ఫు మీది ఉప్పు టబ్బులోకి నడిచి రాదు."

"నేనెందుకేస్తానమ్మా ఉప్పు?" ద్వారకానాథ్ గారు లేచి నిలబడ్డారు. "ఉప్పేస్తే విషపు గాలి వస్తాదని నేనే అందరికీ చెప్తా!"

"అదే నేనూ అంటున్నాను. మీకు మతిమరుపు వచ్చినా ఆ సంగతి మర్చిపోరు. ఇది మీరు చేసింది కాదు అంకుల్."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, కాస్త ఎక్కువసేపే.

సుబ్బరాజు మాత్రం అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "సరేనండీ, ఎవరో కావాలనే చేశారనుకుందాం. వస్తువేది? ఈ బురద తీసుకెళ్ళి పోలీసుల ముందు పోస్తారా? ఇది అచ్యుత్ ఉంగరమేనని చెప్పే నాథుడెవడు? గుర్రపు నాడా ఉంగరాలు ఊళ్ళో సవాలక్ష."

గుమ్మంలో శ్రీదేవి ముఖం పాలిపోయింది. అతను తప్పు మాట్లాడలేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది.

"శ్రీదేవీ, ఇలా రా. ఉంగరం లోపల ఏముండేదో నువ్వు నాకు చెప్పావు. ఎక్కడా రాయొద్దన్నాను, గుర్తుందా?"

"ఉన్నది ఆంటీ. ఎవ్వలకు చెప్పలే."

నేనూ ఎక్కడా రాయలేదు. కాగితం మీద అన్నీ రాసేసే డిటెక్టివ్ దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే.

"అంకుల్, మీ మెషీన్ తీసుకుని పెరట్లోకి రండి."

టబ్బులో నీళ్ళు మెల్లగా వంపేసి, అడుగు బురదని ఒక ప్లాస్టిక్ ట్రేలో పరిచి గడ్డి మీద పెట్టాను. ఇక్కడ ఫిబ్రవరి అంటే వేసవి, ఎండ ఇంకా ఉంది. ఇనుము కరిగి బురదైపోతే మెషీన్ పలకదు. పలికిందంటే అందులో కరగని లోహం ఉన్నట్టు. ద్వారకానాథ్ గారు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, అందరికీ వినిపించేలా మెషీన్ ఆన్ చేశారు. ట్రే మీదుగా ఎడమ నుంచి కుడికి తిప్పారు. చప్పుడు లేదు. రెండోసారి ఇంకా కిందికి దించారు. మెషీన్ పట్టుకున్నప్పుడు ఆ చేతులు వణకడం లేదని అప్పుడు గమనించాను.

మూడోసారి మూల దగ్గర మెషీన్ కూసింది.

"ఇనుము గాదు," అన్నారాయన వెంటనే. "రాగి కూత ఇది."

ఆయన చూపించినచోట వేలు పెట్టి తడిమాను. సన్నటి చుట్ట ఒకటి తగిలింది. మంచినీళ్ళలో కడిగి అరచేతిలో పెట్టుకున్నాను. ఎర్రగా మెరిసే రాగి తీగ, మూడు చుట్లు, కొస లోపలికి మడిచి ఉంది. ఎక్కడా అరగలేదు. మోటార్లకి చుట్టే తీగ మీద సన్నటి పూత ఉంటుంది. ఆ పూత కరెంటుని తీగ జోలికి రానివ్వదు. ఉప్పు వేసినవాడికి ఇనుము సంగతి తెలుసు, ఈ సంగతి తెలియదు.

శ్రీదేవి చెయ్యి చాపింది. అందులో పెట్టాను.

"మాది జమ్మికుంటల మోటర్ వైండింగ్ షాపు," అంది, సుబ్బరాజు వైపు చూస్తూ. ఎవరికి చెప్పాలో ఆ పిల్లకి తెలుసు. "ఉంగరం మా అత్తమ్మ చేయించింది. ఆయన ఏలుకు వదులైతుండె. పెండ్లయిన మూడొద్దులకు మా బాపు షాపుల కూసుండి ఈ తీగ నేనే చుట్టిన. కొస గిట్ల లోపటికి మలుసుడు మా బాపే నేర్పిండు. ఏలికి గుచ్చుకోదని." పిడికిలి మూసి గడ్డి మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఆరు నెలలుగా ఏడ్చే ఉంటుంది.

సుబ్బరాజు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

నేను ద్వారకానాథ్ గారి వైపు తిరిగాను. "గరాజ్ బల్ల మీద రెండు స్టీలు గ్లాసులున్నాయి. రెండింటిలోనూ కాఫీ మడ్డి ఉంది. మీ అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే బయటికెళ్ళారన్నారు. ఒకటిన్నర తర్వాత ఎవరొచ్చారు?"

"చలపతి సార్ వచ్చినాడు. కొత్త ఇల్లు కడతాన్నాడు గదా, రేపు పొద్దున ఏడింటికి పునాది కాంక్రీటు పోస్తాండాం రండని పిలిచిపోయేదానికి. టబ్బు చూసి ఇదేందని అడిగినాడు. చూపించినా. నాకు చూపించడమంటే సరదా." ఆయన గొంతు తగ్గింది. "కాఫీ కలిపేదానికి లోపలికి పోయినా. పది నిమిషాలు. తాగి, రెండుంబావుకి ఎల్లిపాయ. నేను బీపీ మాత్రేసుకుని పడుకున్నా. అంత పెద్దమనిషి ఎందుకు చేస్తాడులే అని..."

మా అల్లుడి వీసా చలపతి సార్ చేతిలోనే ఉంది అని ఆయన అనలేదు. అనక్కర్లేదు. అల్లుడూ చలపతి కంపెనీయే.

"ఉంగరం వాగు గట్టున దొరకలేదు కదా అంకుల్?"

ఆయన మెషీన్ గడ్డి మీద పెట్టారు.

"ఒట్టేయించుకునిందమ్మా," అన్నారు. "చలపతి సార్ భార్య సుగుణమ్మ. పోయిన ఆదివారం వాళ్ళ ప్లాటులో శంకుస్థాపన చేసిరి. తవ్విన మట్టిలో ఒట్టి కాళ్ళతో తిరుగుతాంటే ఆ యమ్మ మెట్టె జారిపోయింది. భూమిపూజ నాడు మెట్టె పోవడం అపశకునం, ఆయనకి తెలిస్తే గొడవ, ఎవరికీ చెప్పకుండా మీ మెషీన్‌తో వెతికిపెట్టండంకుల్ అని బతిమాలింది. నిన్న పొద్దున ఆ యమ్మే కంచె గేటు తాళం తీసి లోపలికి తీసుకపాయ. మెట్టె దొరికింది. దాని పక్కనే, కొంచెం లోతులో, ఈ తుప్పు ముద్ద. ఆ యమ్మ మానం కాపాడల్లని వాగు గట్టని చెప్పినా. నీకూ అదే చెప్పినా. చలపతి సార్‌కీ అదే చెప్పినా."

ఒక ఇల్లాలు మెట్టె పోయిందని భయపడింది. ఒక పెద్దాయన ఆమె మాట నిలబెట్టాడు. ఆ ఇద్దరి మంచితనం మధ్య ఒక మనిషి జాడ రేపు ఏడింటికి కాంక్రీటు కింద పడిపోబోయింది. ఉంగరం కరిగించినవాడికి ఇంకేమీ అక్కర్లేదు, ఒక్క రాత్రి గడిస్తే చాలు.

"ఆంటీ," అంది శ్రీదేవి. "ఆయన ఆ మట్టిలనే ఉన్నడా?"

అబద్ధం చెప్పాలనిపించింది. "ఉన్నాడనే అనుకుంటున్నానమ్మా."

ఆమె తన కాళ్ళకేసి చూసుకుంది, మెట్టెల కేసి. "మరి ఇవి?"

"ఇప్పుడే వద్దు. తవ్వి చూడనీ."

అప్పుడు సుబ్బరాజు మొబైల్ మోగింది. నంబరు చూసి నా వైపు తిప్పాడు. చలపతి. ఎత్తవద్దని నేను తల ఊపేలోపే ఎత్తేశాడు.

"ఆయ్, చెప్పండి సార్... ఆ, వచ్చింది హమీదా గారు. చూసింది." అతని కళ్ళు శ్రీదేవి పిడికిలి మీద ఉన్నాయి. భీమవరం సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఏ వైపు నడుస్తాడో ఆ క్షణంలో నాకు నిజంగా తెలియదు. "ఏమీ మిగల్లేదు సార్. అంతా బురదే... ఆ... ఏంటండీ?... అలాగే, కనుక్కుంటాను."

ఫోన్ పెట్టేశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెద్దాయనా, వాగు గట్టునే దొరికిందని చలపతికి కచ్చితంగా చెప్పారా? ప్లాటు మాట రాలేదా?"

"రాలేదు నాయనా. ఆ యమ్మ మీద ఒట్టు."

"మరి అతను ఇప్పుడు నన్నేం కనుక్కోమన్నాడో తెలుసా?" అన్నాడు సుబ్బరాజు. "మా ప్లాట్లోకి ముసలాణ్ణి ఎవరు రానిచ్చారో కనుక్కో, అన్నాడు."

ఉంగరం ఎక్కడ ఉండేదో, తవ్వి తీసినచోట ఉన్నవాళ్ళు కాక ఈ లోకంలో ఇంకొక్కడికే తెలియాలి, పాతిపెట్టినవాడికి.

"ఇంకో మాట కూడా అన్నాడు," అన్నాడతను. "గేటు తాళంచెవులు రెండే ఉన్నాయిట. ఒకటి అతని జేబులో ఉందిట. రెండోది ఎక్కడుందో ఇంట్లో అడుగుతాను, అన్నాడు."

రెండోది సుగుణ దగ్గర ఉంది.

"మీరు పోలీసులకి చెయ్యండి," అన్నాను సుబ్బరాజుతో. "ప్లాటు నంబరూ, ఇంటి అడ్రసూ రెండూ చెప్పండి. ఆ బురద, పెనం, ఉప్పు డబ్బా ఎవరూ ముట్టుకోకూడదు." ఫీజు ఎవరిస్తారని అతను అడగలేదు. అప్పటికే నంబరు నొక్కుతున్నాడు.

ద్వారకానాథ్ గారు ఇంట్లోకి పరుగెత్తి సుగుణకి ఫోన్ కలిపారు. నేను కారు దగ్గరికి చేరేసరికి నా కంటే ముందే శ్రీదేవి ఎక్కి కూర్చుని ఉంది. తీగ ఇంకా పిడికిట్లోనే ఉంది.

"దిగు. ఇది నీ పని కాదు," అన్నాను.

"నా సంగతి ఎట్లన్న తేలింది ఆంటీ. ఆమె ఒక్కతే ఉన్నది గదా ఇంట్ల. నడుపుండ్రి."

కారు వెనక్కి తీస్తుంటే ద్వారకానాథ్ గారు రిసీవర్ చెవికి ఆనించుకునే కిటికీ దగ్గరికొచ్చారు. అవతల మోగుతోందని చేత్తో సైగ చేశారు. మేము వీధి మలుపు తిరిగేదాకా ఆయన రిసీవర్ దించలేదు. ఎవరూ ఎత్తలేదు.